సిరిసిల్ల వంటింటికి తెచ్చిన పెద్ద రౌటర్

1997 ఎండాకాలం. కోరుట్లలో బస్టాండు వెనక నాకు చిన్న కార్పెంటర్ షాపు ఉండేది. తలుపులు, కిటికీలు, దివాన్లు చేసేవాణ్ణి. బడి ఏడో తరగతితో ఆగిపోయింది కాని లెక్కలంటే ఇష్టం పోలేదు. మెషిన్ల కంపెనీలు పంచే క్యాటలాగులు తెచ్చుకుని, అందులోని అంకెలను అర్థమయ్యేదాకా చదివేవాణ్ణి. ఈ పని నేర్చుకునే యువకులు ఇప్పుడు కూడా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. కిచెన్ వర్క్‌టాప్ జాయింటు కోయడానికి ఏ రౌటర్ కొనాలి అని. దానికి జవాబు రెండు వాక్యాల్లో అయిపోతుంది. కాని ఆ జవాబు నేను ఎట్లా నేర్చుకున్నానో చెప్పాలంటే ఆ ఎండాకాలం గురించి చెప్పాలి.

సిరిసిల్లలో సత్యం సేటు అని ఒకాయన ఉండేవాడు. ఇంటిని ఆనుకునే సాంచాల కార్ఖానా. సాంచాలంటే అక్కడి మాటలో పవర్‌లూమ్‌లు. ఆయన బావమరిది దుబాయిలో కిచెన్లు బిగించే కంపెనీలో పనిచేసేవాడు. అక్కపై ప్రేమతో రెండు వర్క్‌టాపులు కార్గోలో పంపాడు. వర్క్‌టాప్ అంటే వంటగట్టు మీద పరిచే పలక. మనకు అప్పటికి కడప బండ తప్ప ఇంకొకటి తెలియదు. ఇది 38 మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్కపొట్టు బోర్డు, పైన నునుపైన లామినేట్ పొర, ముందు అంచు గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది.

రెండు పలకలను మూలలో ఎల్ ఆకారంలో కలపాలి. అసలు చిక్కు ఆ గుండ్రటి అంచుతోనే. ఒక పలకను తిన్నగా కోసి రెండోదానికి ఆనిస్తే వంపు దగ్గర సందు పడుతుంది. అందుకని ముందు భాగం ఏటవాలుగా, మిగతాది తిన్నగా, రెండు పలకలూ ఒకదానిలో ఒకటి కూర్చునేటట్టు కోయాలి. రంపంతో ఆ నునుపు రాదు. రౌటర్ కావాలి. రౌటర్ అంటే నిలబెట్టిన మోటారు, దాని కింద గిర్రున తిరిగే బిట్. మోటారును రెండు చేతులతో పట్టుకుని కిందికి నొక్కుతూ నడిపితే బిట్ చెక్కను గాడిలాగా తొలుచుకుంటూ పోతుంది. గీత తప్పకుండా జిగ్ అనే అచ్చుపలకను కింద బిగిస్తాం. ఆ జిగ్ కూడా దుబాయి నుంచే వచ్చింది. పలకలు మాత్రం రెండే. ఒకటి పాడైతే మారుపలక ఇక్కడ ఎక్కడా దొరకదు.

నా దగ్గర ఉన్నది ట్రిమ్మర్, అంటే చేతిలో ఇమిడే చిన్న రౌటర్. దాని కొలెట్, అంటే బిట్‌ను పట్టుకునే నోరు, ఆరు మిల్లీమీటర్లు. 38 మిల్లీమీటర్ల లోతు కోయాలంటే బిట్ అంత పొడుగూ బయటికి నిలవాలి. కడ్డీ మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే బలం పదహారు రెట్లు పెరుగుతుంది. అంటే ఆరు మిల్లీమీటర్ల బిట్‌తో పోలిస్తే అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్ల బిట్ పదహారు రెట్లకు పైనే బిగువు. కాబట్టి అర అంగుళం కొలెట్, 1600 వాట్లకు తగ్గని మోటారు, లోతును ఐదు దఫాలుగా దించే ఏర్పాటు. ఈ లెక్క అప్పుడూ సరైనదే, ఇప్పుడూ సరైనదే.

అటువంటి మెషిన్ జగిత్యాలలో ఒక్క దుకాణంలో ఉంది. దుకాణం పెద్దమనిషి దాన్ని అటక మీది నుంచి దింపి, దుమ్ము తుడిచి, నా చేతిలో పెట్టకుండా కౌంటరు మీద పెట్టాడు. ఎన్నాళ్లుగానో ఉందట, కొనేవాళ్లు లేరట. పోలీసులు వచ్చి డ్రిల్లింగ్ మెషిన్లు, లేత్ సామాన్లు ఎవరు కొంటున్నారో అడిగి పోతున్నారని చెప్పాడు. ఆ రోజుల్లో ఇనుముతో, కట్టెతో పనిచేసేవాళ్లందరికీ ఇదే భయం. వెల్డింగ్ షాపు వానికి పైపు చూస్తే భయం, మాకు గట్టి టేకు ముక్క చూస్తే భయం. అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం, నాటు తుపాకీలు ఎక్కడో ఒక దగ్గర ఎవరో ఒకరు చేస్తున్నారు కదా.

"పని ఒడువంగనే నీకు అక్కెర లేదనుకుంటె వాపస్ తే" అన్నాడు ఆయన, డబ్బులు లెక్కపెట్టుకుంటూ. "జల్ది తెచ్చినా ఏమనుకోను."

నేను దాన్ని మెషిన్ మీద నమ్మకం లేకపోవడం అనుకున్నాను.

కొడిమ్యాల మీదుగా పోయే బస్సెక్కి కూర్చున్నాను. పెట్టె ఒళ్లో ఉంది. సిరిసిల్ల ఇంకా కొంత దూరం ఉందనగా పోలీసులు బస్సు ఆపారు. సంచులన్నీ చూస్తూ వచ్చి నా పెట్టె తెరిపించారు. నల్లటి మోటారు, రెండు పిడులు, వైరు, మిలమిలలాడే ఉక్కు బిట్. బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన లేచి వెనక సీటుకు పోయాడు. నన్ను దింపుకుని సిరిసిల్ల ఠాణాకు తీసుకుపోయారు.

అక్కడి సారు కేకలు వేయలేదు, చెయ్యి ఎత్తలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అదే నాకు ఎక్కువ భయమైంది. వంటిల్లు సంగతి, పలకల సంగతి, 38 మిల్లీమీటర్ల సంగతి అన్నీ చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు. వ్యవసాయం ఇంట్లో పుట్టినవాడేమో, బిట్ పట్టుకున్న తీరులోనే పనిముట్లు తెలిసినవాడని అర్థమైంది. చివరికి దాన్ని బల్ల మీద పెట్టి అడిగాడు.

"దీంతోని తుపాకి బట్ చెక్కొచ్చా?"

బట్ అంటే భుజానికి ఆనించే కట్టె భాగం. గొట్టం కూర్చునే లోతు గాడి, కింద పలుచటి సందు. నా తలలో అంకెలు వాటంతట అవే తిరిగాయి. అర అంగుళం బిట్, యాభై మిల్లీమీటర్ల లోతు, జిగ్ ఒకటి చేసుకుంటే ఎన్నంటే అన్ని, అన్నీ ఒకే కొలతలో. రాదు అంటే, తెలిసిన వడ్రంగిని ఎవరినైనా పిలిపించి అడిగితే నా అబద్ధం బయటపడుతుంది.

"ఒచ్చు సార్" అన్నాను.

ఆయన తల ఊపి, మెషిన్ కంపెనీ పేరు, నంబరు రాసుకున్నాడు. నన్ను పోనిచ్చాడు. ఒక షరతు పెట్టాడు. పని జరిగే రోజుల్లో పొద్దున మెషిన్ తీసుకుపోవాలి, సాయంత్రం తెచ్చి ఠాణాలో పెట్టాలి. రాత్రిపూట అది సేటు ఇంట్లో ఉండకూడదు. ఆయన వైపు నుంచి చూస్తే అది న్యాయమే. నేను దండం పెట్టి బయటికి వచ్చాను. రోడ్డు మీదికి వచ్చాక గాని నేను ఒప్పుకున్నది ఏమిటో తెలియలేదు.

వర్క్‌టాప్ జాయింటు పనిలో కోత చివరికి వస్తుంది. ముందు కింది పెట్టెలు గోడకు బిగించాలి, లెవెల్ చూడాలి, గోడల మూల కొలవాలి. సేటు ఇంటి మూల తొంభై డిగ్రీలు లేదు. మీటరుకు ఏడు మిల్లీమీటర్లు బయటికి పోయింది. దాన్ని సరిచేసుకునేదాకా రౌటర్‌తో పనే లేదు. అయినా పొద్దున తేవాలి, సాయంత్రం పెట్టిరావాలి. ఠాణాకు పోయే దారి నిండా సాంచాల కార్ఖానాలే. పొద్దు గుంకే ముందు కార్మికులు షిఫ్టు మారే వేళకు నేను పెట్టె పట్టుకుని వాళ్ల ముందు నుంచి పోవాలి, కాసేపటికి ఉత్త చేతులతో తిరిగి రావాలి.

ఆ రోజుల్లో ఠాణా మెట్లు ఊరికే ఎక్కేవాళ్లను ఏమనేవారో ఆ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇన్‌ఫార్మర్ అన్న పేరు ఒకసారి పడితే, నిజమా కాదా అని విచారించేదాకా మనిషి మిగిలేవాడు కాదు. మా దిక్కు ఒక ఊళ్లో అన్నలు ఒకాయనను ఇంట్లో నుంచి పిలుచుకుపోయిన సంగతి నాకు తెలుసు. ఆయన చేసింది బర్రె తప్పిపోయిందని ఠాణాకు రెండుసార్లు పోవడమే అని ఆ తర్వాత చెప్పుకున్నారు.

చాయ్ హోటల్లో మాటలు మొదలయ్యాయి. నేను పోతే బల్ల ఖాళీ అయ్యేది. సేటు భార్య పద్మక్క ఒకరోజు సాంచాల కాడ ఆడవాళ్లు అడుగుతున్నారని చెప్పింది, మీ వంటిల్లు చేసే మేస్త్రీకి ఠాణాలో చుట్టాలు ఉన్నారా అని. ఆమె నవ్వుతూనే చెప్పింది. ఆ తర్వాత నవ్వు ఆపి, తలుపు దగ్గరికి వేసింది.

ఒక మధ్యాహ్నం నేను ఎన్నడూ చూడని ఒకాయన వచ్చాడు. పక్కన సాంచాలు నడుస్తున్నాయి. ఆ లొల్లిలో మాట వినపడాలంటే చెవి దగ్గర చెప్పాలి. టెరిలిన్ షర్టు, భుజానికి గుడ్డ సంచి, ముప్పై ఏళ్ల లోపు మనిషి. నూలు చుట్టే బీమ్‌ల లెక్క చూడడానికి వచ్చిన గుమాస్తా అనుకున్నాను. నేరుగా వంటింట్లోకి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మేస్త్రీ, భయపడకు. గా పెట్టె ఇప్పు" అన్నాడు.

విప్పాను. ఠాణాలో రోజూ ఏం చెప్తున్నావని అడిగాడు. ఏమీ చెప్పడం లేదని, పెట్టె పెట్టి వస్తున్నానని, బస్సు ఆపిన దగ్గర నుంచి జరిగినదంతా చెప్పాను. నా నోరు ఆయన చెవి దగ్గర, ఆయన నోరు నా చెవి దగ్గర. ఆయన మోటారును అటూ ఇటూ తిప్పి చూసి, ఇంతకుముందు ఇంకొకరు అడిగిన ప్రశ్నే అడిగాడు.

"తుపాకి బట్ చెక్కుతదా గిది?"

ఠాణాలో ఔనని ఇక్కడ కాదంటే, ఆ రెండు జవాబుల మధ్యనే నేను పడిపోతాను. చెక్కుతుందని అన్నాను.

"అయితె పని ఒడిసినంక జగిత్యాలకు వాపస్ కొంటవోకు. మాకు అక్కెర ఉన్నది."

అంతే చెప్పి లేచాడు. పద్మక్క చాయ్ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన ఆ గ్లాసు తీసుకుని, నిలబడే తాగి, గ్లాసు కడిగి పెట్టి పోయాడు.

నేను లెవెల్ గొట్టం కింద పెట్టాను. పద్మక్క నా ముందు కూర్చుంది. ఆమెకు మాటలు వినపడలేదు, కాని వినాల్సిన అవసరం లేకపోయింది.

"మేస్త్రీ, కడప బండే ఏపిచ్చుకుంట నేను" అంది. "మా తమ్ముడు ఏమన్న అనుకోనియ్యి. నువ్వు పొద్దటి బస్సుకు కోరుట్ల పో."

నాకూ పోవాలనే ఉంది. కాని సగం పని వదిలి మాయమైతే ఠాణా వాళ్లకూ, వచ్చిపోయిన ఆయనకూ ఒకే అనుమానం వస్తుంది, రెండో వాళ్ల దగ్గరికి పోయానని. పని పూర్తి కావాలి. ఆ మెషిన్‌తో మాత్రం కాకూడదు. దాన్ని ఠాణాలో వదిలేస్తే నేను వాళ్లకు అప్పజెప్పానంటారు. అడిగిన వాళ్లకు ఇస్తే, రేపు ఎక్కడో దొరికే ప్రతి కట్టె బట్ నా దగ్గరికి నడిచి వస్తుంది. జగిత్యాలలో వాపస్ ఇస్తే ఆ అడిగినవాళ్లకు ఒక్కరికే కోపం వస్తుంది. మూడింటిలో తక్కువ నష్టం అదే. తక్కువ అంటే పోయేది నా ఒక్కడి పానం.

ఆ సాయంత్రం ఠాణాలో సారుతో, పొద్దున దీన్ని దుకాణంలో ఇచ్చేస్తానని చెప్పాను.

"ఎందుకు?"

"పనికి పెద్దదైంది సార్."

"ఎవలన్న అచ్చిండ్రా నీ దగ్గరికి?"

గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. నేను దాని దిక్కు చూశాను. "సేటు ఇంటికి రోజు పదిమంది అస్తరు సార్" అన్నాను.  సారు మళ్లీ అడగలేదు. పొద్దున పెట్టె నా చేతికిచ్చి, నేను బస్సెక్కేదాకా ఒక కానిస్టేబుల్‌ను వెంట పంపాడు. అది నా మంచికే చేశాడో ఏమో గాని, నన్ను కానిస్టేబుల్ బస్సెక్కించడం ఊరంతా చూసింది.

జగిత్యాలలో మెషిన్ అప్పజెప్పి, కోరుట్లకు పోయి నా ట్రిమ్మర్ తెచ్చుకున్నాను. ఇంట్లో వాళ్లకు ఏమీ చెప్పలేదు. సిరిసిల్లకు తిరిగి వచ్చే బస్సులోనే నా పాత లెక్కను మళ్లీ మొదటి నుంచి వేశాను. 38 మిల్లీమీటర్ల లోతూ నునుపుగా ఎందుకు ఉండాలి? జాయింటులో కంటికి కనపడేది పై అంచు ఒక్కటే. పైన పది, పన్నెండు మిల్లీమీటర్లు ఖచ్చితంగా కలిస్తే చాలు. దాని కింద కొంచెం లోపలికి చెక్కినా అడిగేవాడు లేడు. పైగా అట్లా చెక్కితేనే పై అంచులు బాగా ఆనుకుంటాయి. గుండ్రటి ముందు అంచు దగ్గర మాత్రం చేత్తో అరగదీసుకోవాలి. పది మిల్లీమీటర్ల లోతు ఆరు మిల్లీమీటర్ల బిట్ కూడా కోస్తుంది, మూడు దఫాల్లో, తొందరపడకపోతే.

ఒక్క ఇబ్బంది మిగిలింది. దుబాయి జిగ్ పెద్ద రౌటర్ కోసం చేసింది. బిట్ చుట్టూ గైడ్ బుష్ అనే ఇత్తడి ఉంగరం ఉంటుంది, అది జిగ్ అంచును రాసుకుంటూ పోతుంది. ఆ జిగ్‌కు 30 మిల్లీమీటర్ల ఉంగరం, 12.7 బిట్. తేడా 17.3. ఆ తేడా మారకూడదు. నా బిట్ ఆరు కాబట్టి ఉంగరం 23.3 ఉండాలి. అది ఎక్కడా అమ్మరు. సిరిసిల్లలో సాంచాల సామాన్లు తిప్పే లేత్ వాళ్లున్నారు. ఒకాయన దగ్గరికి పోయి ఇత్తడి ముక్క ఇచ్చాను. బయటి కొలత చెప్పినంతసేపు బాగానే రాసుకున్నాడు. లోపలి రంధ్రం కొలత చెప్పగానే పెన్సిలు ఆగిపోయింది, తుపాకి గొట్టానికి అడిగేదీ ఆ కొలతే కదా.

"మేస్త్రీ, బోరు కొలత అంటె నాకు చెమట వడుతది. గిది ఏందానికో మొదలు చెప్పు."

ట్రిమ్మర్ తీసి, కింద పెట్టి చూపిస్తేగాని పని పట్టలేదు. పట్టాక మాత్రం గీత తప్పకుండా తిప్పి ఇచ్చాడు.

కోత సాంచాలు ఆగినప్పుడే పెట్టుకోవాలి. అవి నడుస్తుంటే కరెంటు ఓల్టేజీ కుంగిపోతుంది, బిట్ వేగం తగ్గి లామినేట్ అంచు పెచ్చులు లేస్తుంది. సేటు కార్మికులను చాయ్‌కి పంపాడు. రంపంతో గీతకు రెండు మిల్లీమీటర్లు ఇవతలే కోసుకుని, ట్రిమ్మర్ ఆన్ చేశాను. సాంచాల లొల్లి ఆగిన ఆ వీధిలో దాని కీచు నాలుగు ఇళ్ల అవతలికి పోయి ఉంటుంది. నేను ఎక్కడున్నానో, ఏం చేస్తున్నానో అందరికీ చాటింపు వేసినట్టనిపించింది. వీపు గుమ్మం వైపు ఉంది. తిరిగి చూస్తే చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలితే పలక పోతుంది. తిరగలేదు. రెండు పలకలూ అట్లాగే కోశాను.

కింద ఉలితో లోపలికి చెక్కి, జిగురు రాసి, అడుగు నుంచి బోల్టులు బిగించాను. జిగురు ఆరకముందే ఆ గుడ్డ సంచి ఆయన వచ్చాడు. సాంచాలు ఇంకా మొదలు కాలేదు. ఈసారి చెవిలో చెప్పుకునే అవసరం లేకపోయింది.

"పెట్టె ఏది?"

"దుకాణంల ఇచ్చిన అన్నా."

"మాకు అక్కెర ఉన్నదని చెప్పిన గద."

"చెప్పినవు. అది ఠాణల రాసుకున్న మెషిన్. దాని కంపెనీ, దాని నంబరు వాళ్ల దగ్గర ఉన్నది. అది ఏడికి పోతె వాళ్లు దాని ఎన్క ఆడికి అస్తరు."

 సేటు గుమ్మంలో నిలబడి గోడను చూస్తున్నాడు. పద్మక్క లోపలి గదిలో ఉంది.  వచ్చినాయన వంటగట్టు దగ్గరికి పోయి జాయింటు మీద గోటితో రాశాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. ఇంకోసారి రాశాడు. తర్వాత ట్రిమ్మర్ చేతిలోకి తీసుకున్నాడు.

"మరి గిదేం చేస్తది?"

"కిచెన్ టాప్ కోస్తది."

"ఇంకా?"

నా తలలో మళ్లీ అంకెలు తిరగబోయాయి. తిరగనియ్యలేదు.

"నేను కోసింది కిచెన్ టాపే అన్నా. నాకు తెలిసింది గంతే."

ఆయన నన్ను చూశాడు. "మొన్న అడిగితె అన్నీ తెలుసన్నట్టు చెప్పినవు" అన్నాడు. పెదవి ఒక పక్కకు కదిలింది. నవ్వో కాదో తెలియదు. ట్రిమ్మర్‌ను నేను పెట్టిన చోటే పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. కాని చాలాకాలం షాపు తలుపు వైపు వీపు పెట్టి పనిచేయలేకపోయాను. బెంచీని తిప్పి వేసుకున్నాను.

కొన్నాళ్లకు బిట్ల కోసం జగిత్యాల పోతే అటక మీద ఆ పెట్టె లేదు. అమ్ముడుపోయిందని దుకాణం ఆయన తనంతట తానే అన్నాడు. ఎవరికని నేను అడగలేదు. ఆయన కూడా నా ముఖం చూసి వేరే మాట ఎత్తాడు.

ఇప్పుడు కిచెన్ పని నేర్చుకునేవాళ్లకు అర అంగుళం కొలెట్ ఉన్న రౌటరే కొనమంటాను. రోజూ జాయింట్లు కోసేవాళ్లకు అదే సరైనది. ఒకటి రెండు కిచెన్లకైతే ట్రిమ్మర్ చాలు, పై పది మిల్లీమీటర్లు చూసుకుంటే. వాట్లు, వేగం, లోతు ఏది అడిగినా చెప్తాను. ఆ ఎండాకాలం నాకు నేర్పింది మాత్రం ఇంకొకటి. మెషిన్ చేయగలిగినదంతా దాన్ని పట్టుకున్నవాడు చెప్పాల్సిన పని లేదు.

మొన్న ఒక పిలగాడు కొత్త రౌటర్ తెచ్చి చూపించి, దీంతో ఇంకా ఏమేం చేయొచ్చు కాకా అని సంబరంగా అడిగాడు. వాడు అడిగింది అల్మారీలు, డిజైన్ తలుపుల గురించే. అది నాకు తెలుసు. అయినా కిచెన్ టాప్ కోయొచ్చు బిడ్డా అని, లేచి పోయి షాపు తలుపు దగ్గరికి వేశాను.